ఫోస్టర్ కేర్‌లో ఫెడరల్ డబ్బు: దాని వెంట నడిచే షరతులు

అందరికీ నమస్కారం.

ఒక బిడ్డను ఇంటికి తెచ్చుకుందామని లైసెన్సుకు దరఖాస్తు పెట్టిన దంపతులు ఈ హాల్లో కొందరున్నారు. మన కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు వెళ్లి ఏమని అడగాలో తెలుసుకుందామని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే చోట మొదలుపెడతాను, డబ్బు దగ్గర.

సొంత ఇంట్లో క్షేమం లేని పిల్లలను తాత్కాలికంగా వేరే కుటుంబాల్లో ఉంచి పెంచడమే ఫోస్టర్ కేర్. అమెరికాలో దాన్ని నడిపేది రాష్ట్రాలు, కొన్నిచోట్ల కౌంటీలు. రాష్ట్రం పెట్టిన ఖర్చులో కొంత వాషింగ్టన్ తిరిగి చెల్లిస్తుంది, చెల్లిస్తూ షరతులు పెడుతుంది. సామాజిక భద్రతా చట్టంలోని టైటిల్ ఫోర్-ఇ దానికి ఆధారం. ఫోస్టర్ తల్లిదండ్రులకు నెలనెలా ఇచ్చే పోషణ ఖర్చులో ఫెడరల్ వాటా, పేదల వైద్య బీమా అయిన మెడికెయిడ్‌లో ఆ రాష్ట్రానికి వచ్చే వాటాతో సమానం. కాలిఫోర్నియా, న్యూజెర్సీలకు 50 శాతం, మిసిసిపీకి దాదాపు 77 శాతం. ఆఫీసు నిర్వహణ ఖర్చులో సగం, శిక్షణ ఖర్చులో 75 శాతం వస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఏ బిడ్డకు ఈ వాటా వస్తుంది, ఏ బిడ్డకు రాదు అన్న లెక్కలో ఉంది.

1996లో రద్దయిపోయిన ఏఎఫ్‌డీసీ అనే సంక్షేమ పథకం ఒకటుంది. బిడ్డను ఏ ఇంటి నుంచి తీశారో ఆ ఇల్లు ఆ పథకానికి అర్హమయ్యేంత పేదదైతేనే ఆ బిడ్డ పోషణకు ఫెడరల్ వాటా వస్తుంది. పథకం పోయి మూడు దశాబ్దాలవుతోంది. చట్టం మాత్రం 1996 జూలై 16న ఆ రాష్ట్రంలో ఉన్న ఆదాయ పరిమితినే ఇవాళ్టికీ వాడమంటోంది. ఈ మధ్య కాలంలో ధరలు రెట్టింపయ్యాయి, పరిమితి మాత్రం కదల్లేదు. ఇంటి ఆస్తి 10,000 డాలర్లు దాటినా అర్హత పోతుంది. ఈ రంగంలో దీన్ని లుక్‌బ్యాక్ అంటారు. దీనివల్ల ఏటేటా అర్హులైన పిల్లల వాటా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు సగానికంటే తక్కువకు పడిపోయింది. మిగతా పిల్లల పోషణ భారం చాలావరకు రాష్ట్రం మీదే పడుతుంది. దెబ్బలు తిన్న పిల్లాడి తండ్రి జీతం ఎంత అన్నది ఆ పిల్లాడి అవసరాన్ని ఏ రకంగా తగ్గిస్తుంది? పైగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి విడదీసిన వారంలోనే, వాళ్ల దగ్గరే జీతం కాగితాలు, బ్యాంకు వివరాలు రాబట్టి పాత పట్టికతో పోల్చుకుంటూ కూర్చోవాలి. ఆ గంటలు పిల్లల దగ్గరికి వెళ్లాల్సిన గంటలు.

దత్తత సాయంలో ఇదే షరతును కాంగ్రెస్ ఎత్తేసింది. 2008 నాటి ఫోస్టరింగ్ కనెక్షన్స్ చట్టం పెద్ద పిల్లలతో మొదలుపెట్టి వయసులవారీగా దాన్ని తీసేస్తూ వచ్చింది. 2018లో చిన్న పిల్లల విషయంలో కొంతకాలం ఆపి, చివరికి 2024 జూలై 1 నుంచి రెండేళ్లలోపు వాళ్లకూ తీసేసింది. అంటే దారి ముందే వేసి ఉంది. ఫోస్టర్ కేర్‌కూ అదే దారి కావాలని అడగండి. ఖర్చు పెరుగుతుందన్న జవాబు ఎదురవుతుంది. అది నిజమే. అర్హుల సంఖ్య పెంచి, ఫెడరల్ వాటా శాతాన్ని కొంచెం తగ్గించి లెక్క సరిచేయవచ్చు, ఆ మార్గం చర్చకు పెట్టదగినదే. కానీ మొత్తాన్ని ఒక స్థిరమైన గ్రాంటుగా కట్టిపడేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. మత్తు మందుల వాడకం పెరిగి పిల్లలు హఠాత్తుగా ఎక్కువైన ఏడాది ఆ గ్రాంటు పెరగదు.

రెండో షరతు కోర్టులో ఉంటుంది. బిడ్డను ఇంటి నుంచి తీయడానికి అనుమతించే మొట్టమొదటి ఉత్తర్వులోనే, ఇంట్లో ఉండటం ఈ బిడ్డ క్షేమానికి విరుద్ధం అన్న నిర్ణయం రాసి ఉండాలి. అత్యవసరంగా, తాత్కాలికంగా ఇచ్చిన ఉత్తర్వైనా సరే. అది లేకపోతే ఆ బిడ్డ ఆ విడత ఫోస్టర్ కేర్‌లో ఎన్నాళ్లున్నా ఫెడరల్ వాటా రాదు. అరవై రోజుల్లోపు ఇంకో నిర్ణయం కావాలి: తీయకుండా ఉండేందుకు ఏజెన్సీ, అంటే పిల్లల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖ, సరైన ప్రయత్నాలు చేసిందని. ఆ తర్వాత పన్నెండు నెలలకోసారి, శాశ్వత ఏర్పాటు కోసం ప్రయత్నాలు జరిగాయని. జడ్జి చట్టం సెక్షన్ నంబరు వేసి వదిలేస్తే చాలదు, ఈ బిడ్డ విషయంలో ఏం జరిగిందో రాయాలి. తర్వాత ఎప్పుడో వెనకటి తేదీతో దిద్దిన ఉత్తర్వును ఆడిటర్లు ఒప్పుకోరు, అఫిడవిట్లనూ ఒప్పుకోరు. ఉత్తర్వులో లేనిది ఆ రోజు విచారణ ట్రాన్‌స్క్రిప్టులో ఉంటే మాత్రమే చెల్లుతుంది. జడ్జిలు కొత్తగా బదిలీపై వచ్చిన చోట, శిక్షణ లేని చోట ఈ వాక్యాలు తప్పిపోతుంటాయి. ఈ నియమం 1980 నుంచి ఉంది, మంచి నియమం. విడదీసే ముందు ఎవరో ఒకరు ఆగి ఆలోచించాలని పెట్టింది. దాన్ని సడలించమని అడగకండి. జడ్జిల శిక్షణకూ తల్లిదండ్రుల లాయర్లకూ డబ్బు అడగండి.

మూడోది గడియారం. 1997 నవంబరు 19న సంతకమైన ఆస్ఫా (దత్తత, సురక్షిత కుటుంబాల) చట్టం ప్రకారం బిడ్డ గత 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో ఉంటే, తల్లిదండ్రుల హక్కులు రద్దు చేయమని రాష్ట్రం పిటిషన్ వేయాలి. బిడ్డ బంధువుల దగ్గర ఉంటే, అలా వేయకూడదనడానికి బలమైన కారణం కేసు ప్లానులో రాసి ఉంటే, లేదా ఇంటికి తిరిగి పంపేందుకు ఇస్తామన్న సేవలు ఏజెన్సీ ఇవ్వకపోతే మినహాయింపు ఉంది. దత్తతకు ఆశపడుతున్న దంపతులు పదిహేనో నెల రాగానే బిడ్డ మనదే అనుకుంటారు. అలా అనుకోవద్దు. పిటిషన్ వేయడానికీ తీర్పుకూ మధ్య చాలా దూరం ఉంటుంది, అప్పీలు మరో దూరం. అంతవరకు చట్టం ప్రకారం మొదటి లక్ష్యం సాధారణంగా సొంత ఇంటికి చేర్చడమే. దానికి మనస్ఫూర్తిగా సాయపడలేనివాళ్లు ఫోస్టరింగ్‌లోకి రాకపోవడమే బిడ్డకు మేలు.

ఇక లైసెన్సు. 2006 నాటి ఆడమ్ వాల్ష్ చట్టం ప్రకారం దరఖాస్తుదారుల వేలిముద్రలతో జాతీయ నేర రికార్డులు చూస్తారు. ఇంట్లో ఉండే పెద్దలందరి విషయంలో గత ఐదేళ్లలో వాళ్లు నివసించిన ప్రతి రాష్ట్రంలోనూ పిల్లల వేధింపుల రిజిస్టర్ చూస్తారు. ఉద్యోగాల కోసం టెక్సాస్, ఒహాయో, నార్త్ కరోలినా అంటూ ఇళ్లు మారే మనవాళ్లకు ఆలస్యమయ్యేది ఇక్కడే. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఫారం, ఒక్కో ఫీజు, కొన్నిచోట్ల నోటరీ. దరఖాస్తు పెట్టిన రోజే పాత చిరునామాలన్నీ తేదీలతో సహా రాసి ఇవ్వండి. ఒక అపార్టుమెంటు మరిచిపోతే నెల పోయినట్టే. ఆరు నెలలు ఉండేందుకు ఊరి నుంచి అత్తగారో అమ్మగారో వస్తుంటే ఆ మాట ముందే లైసెన్సింగ్ వర్కర్‌కు చెప్పండి. ఇంట్లో ఉండే పెద్దవాళ్ల కిందికి ఎప్పుడొస్తారో, ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ కావాలో లేదో మీ రాష్ట్రం నియమమే చెబుతుంది. వాళ్లు దిగాక చెబితే పిల్లల్ని పంపడం ఆపేయవచ్చు. వీసా స్థితి సంగతీ అంతే, రాష్ట్రానికో పద్ధతి ఉంది. హోం స్టడీకి, అంటే మీ ఇంటినీ కుటుంబాన్నీ పరిశీలించడానికి, ముందే రాతపూర్వకంగా అడగండి.

బంధువుల సంగతి. బిడ్డను తీసిన ముప్పై రోజుల్లోపు తాతలు, అమ్మమ్మలు సహా పెద్దవాళ్లైన బంధువులను వెతికి తెలియజేయాలని 2008 చట్టం చెబుతుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన నిబంధన ఇంకో మంచి పని చేసింది. బంధువుల ఇళ్లకు విడిగా, సులువైన లైసెన్సు ప్రమాణాలు పెట్టుకోవచ్చని, అలా లైసెన్సు పొందినవాళ్లకు బయటివాళ్లతో సమానంగా చెల్లించాలని చెప్పింది. విడి పడకగది లేదని సొంత పిన్నిని కాదనే పద్ధతికి ఇక సాకు లేదు. ఇది రాష్ట్రం ఎంచుకోవాల్సిన వెసులుబాటు కాబట్టి, మీ రాష్ట్రం తన ఫోర్-ఇ ప్లాను మార్చుకుందో లేదో అడిగి తెలుసుకోండి. బిడ్డ భారత పౌరుడైతే మరో సంగతి. వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 37వ అధికరణం ప్రకారం, సంరక్షకుణ్ణి నియమించాల్సి వచ్చేలా ఉంటే ఆలస్యం లేకుండా కాన్సులేట్‌కు తెలపాలి. హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మన కాన్సులేట్‌కు ఆ కబురు అందితే ఆంధ్రలో, తెలంగాణలో ఉన్న తాతలు, అమ్మమ్మల దాకా చేరుతుంది. కౌంటీ వర్కర్లలో చాలామందికి ఈ నియమం గుర్తుండదు. తల్లిదండ్రుల లాయర్‌కు గుర్తు చేయడం మన సంఘాలు చేయగల పని.

దత్తత తర్వాత నెలనెలా డబ్బు, మెడికెయిడ్ ఇచ్చే దత్తత సాయం ఒప్పందం గురించి నిదానంగా చెబుతాను, ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. దత్తత డిక్రీ మీద జడ్జి సంతకం పడకముందే ఈ ఒప్పందం మీద మీరూ ఏజెన్సీ సంతకాలు చేసి ఉండాలి. డిక్రీ తర్వాత అడిగితే, ఏజెన్సీ మీకు చెప్పాల్సింది చెప్పలేదని ఫెయిర్ హియరింగ్ అనే అప్పీలు విచారణలో నిరూపించుకోవడం తప్ప దారి ఉండదు. ఈ సాయానికి దత్తత తీసుకునేవాళ్ల ఆదాయ పరిమితి లేదు. ఎంత జీతమొచ్చినా, బిడ్డ ప్రత్యేక అవసరాల కిందికి వస్తే అర్హత ఉంటుంది. ప్రత్యేక అవసరాలు అంటే వైకల్యం ఒక్కటే కాదు. వయసు, తోబుట్టువులతో కలిసి రావడం, ఆరోగ్యం వంటివి రాష్ట్రం తన నియమాల్లో రాసుకుంటుంది. నెలసరి మొత్తం బేరమాడుకునేదే, అయితే ఆ బిడ్డ ఫోస్టర్ కేర్‌లో ఉంటే ఇచ్చేదానికి మించకూడదు. బిడ్డ వైద్య నివేదికలు, థెరపిస్టు ఉత్తరం, స్కూలు ప్లాను చేతిలో పెట్టుకుని మాట్లాడండి. ఇప్పుడు డబ్బు అక్కర్లేదని వదిలేయకండి, సున్నా డాలర్లకైనా ఒప్పందం రాయించుకోండి. పిల్లాడికి పదేళ్లప్పుడు సమస్య బయటపడితే ఆ కాగితమే తలుపు తెరుస్తుంది. ఇంకో రాష్ట్రానికి మారినా ఒప్పందం చెల్లుతుంది. అయితే అది ఫోర్-ఇ కింద రాసిందా, రాష్ట్రం సొంత నిధులతో రాసిందా అన్నది సంతకానికి ముందే చూసుకోండి. ఫోర్-ఇ అయితే కొత్త రాష్ట్రంలో మెడికెయిడ్ ఖాయం. రాష్ట్ర నిధులదైతే ఆ రాష్ట్రం ఒప్పుకోవాలి. లాయరు ఫీజు వంటి ఒకసారి ఖర్చులకు 2,000 డాలర్ల దాకా తిరిగి ఇచ్చే వీలుంది, అదీ డిక్రీకి ముందే సంతకమైన ఒప్పందంలో, ఇందులోనో విడిగానో, రాసి ఉండాలి.

దత్తత తీసుకున్నవాళ్లకు ఫెడరల్ పన్నులో ఇచ్చే క్రెడిట్ గురించి రెండు ముక్కలు. 2025లో దాని గరిష్ఠం 17,280 డాలర్లు. ప్రత్యేక అవసరాల బిడ్డను ఫోస్టర్ కేర్ నుంచి దత్తత తీసుకుంటే పైసా ఖర్చు కాకపోయినా పూర్తి మొత్తం క్లెయిం చేసుకోవచ్చు. బిడ్డకు ప్రత్యేక అవసరాలున్నాయని రాష్ట్రం ఇచ్చిన నిర్ణయ పత్రం దాచుకోండి. 2025 నుంచి ఇందులో కొంత, ఆ ఏడాదికి 5,000 డాలర్ల దాకా, పన్ను కట్టాల్సింది లేకపోయినా చేతికి వస్తుంది. అమ్మమ్మలు, తాతలు, తక్కువ జీతాలవాళ్లు దత్తత తీసుకునే చోట ఇది పెద్ద మార్పు, మరింత పెంచమని అడగాల్సిన మార్పు. 2025 లెక్కలో సవరించిన ఆదాయం 259,190 డాలర్లు దాటాక క్రెడిట్ తగ్గుతూ 299,190 దగ్గర పూర్తిగా పోతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇళ్లు దీన్ని నమ్ముకుని బడ్జెట్ వేసుకోకూడదు.

ఇంటి నుంచి తీయాల్సిన పరిస్థితే రాకుండా చూసే డబ్బు చాలాకాలం ఫోర్-ఇలో లేదు. 2018 ఫిబ్రవరి 9న వచ్చిన ఫ్యామిలీ ఫస్ట్ చట్టం ఆ తలుపు తెరిచింది. మానసిక ఆరోగ్యం, మత్తు మందుల చికిత్స, ఇంటికి వచ్చి నేర్పే పేరెంటింగ్ సాయం, పన్నెండు నెలల దాకా. ఇందులో తల్లిదండ్రుల ఆదాయం లెక్క లేదు. కానీ ఏ కార్యక్రమం పనిచేస్తుందో ఆధారాలు చూసి తేల్చే ఫెడరల్ క్లియరింగ్‌హౌస్ ఆమోదించిన వాటికే డబ్బు. చాలా కార్యక్రమాలు ఇంగ్లిషులో, కొన్ని స్పానిష్‌లో పరీక్షించినవి. తెలుగు, హిందీ మాట్లాడే తల్లికి సరిపడేవి దొరకడం కష్టం. ఇంటి అద్దె కట్టలేక నిర్లక్ష్యం కింద కేసైన కుటుంబానికి అద్దె సాయం ఈ మూడింట్లో ఎక్కడా లేదు. నా దృష్టిలో ఈ చట్టంలో పెద్ద లోటు అదే. 2026 సెప్టెంబరు 30 వరకు ఈ సేవలకు ఫెడరల్ వాటా 50 శాతం. అక్టోబరు 1 నుంచి రాష్ట్రం మెడికెయిడ్ వాటా వర్తిస్తుంది.

ఎవరిని అడగాలి? ఫోర్-ఇ మార్పులు ప్రతినిధుల సభలో వేస్ అండ్ మీన్స్ కమిటీ, సెనేట్‌లో ఫైనాన్స్ కమిటీ చేతిలో ఉంటాయి. మీ సభ్యుడు ఆ కమిటీలో లేకపోతే, ఉన్నవాళ్లకు ఉత్తరం రాయమని అడగండి. హెచ్-1బీ మీద ఉండి ఓటు లేనివాళ్లూ ఆ నియోజకవర్గంలో ఉండేవాళ్లే, మాట్లాడవచ్చు. సభ్యుడి నియోజకవర్గ ఆఫీసులో పావుగంట దొరుకుతుంది. ఒక పేజీ చాలు: మార్చాల్సిన నిబంధన ఒకటి, మన రాష్ట్రంలో ఫెడరల్ వాటా రాని పిల్లల శాతం ఒకటి, అడిగే పని ఒకటి. ఆ శాతం రాష్ట్ర ఏజెన్సీ దగ్గర ఉంటుంది, ముందే అడిగి తెచ్చుకోండి. పిల్లల పేర్లు, ఫొటోలు, కేసు వివరాలు ఆ పేజీలో ఉండకూడదు. మీ ఇంట్లో ఉన్న ఫోస్టర్ బిడ్డ విషయంలో అది చట్ట ఉల్లంఘన కూడా కావచ్చు.

రాష్ట్రం స్థాయిలో ఇంకా దగ్గరి దారి ఉంది. పిల్లల వేధింపుల నివారణకు పెట్టిన క్యాప్టా చట్టం ప్రకారం చాలా రాష్ట్రాల్లో, ఏజెన్సీ పనితీరును సమీక్షించే సిటిజన్ రివ్యూ ప్యానెళ్లు కనీసం మూడు ఉండాలి. వాటిలో మామూలు జనం కూర్చోవచ్చు. ప్యానెల్ ఏటా ఇచ్చే సిఫార్సులకు ఏజెన్సీ ఆరు నెలల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఏజెన్సీ జూన్ 30కల్లా ఫెడరల్ ప్రభుత్వానికి పంపే వార్షిక నివేదిక ముసాయిదా వసంత కాలంలోనే తయారవుతుంది. అనువాదకుల గురించి, బంధువుల లైసెన్సు గురించి మీరు చెప్పదలిచింది ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాళ్లకు చేరాలి. జూలైలో పంపితే ఫైల్లో పెట్టుకుంటారు, అంతే.