గిటార్ వాయిస్తూ పాడేవాళ్లు ఇంట్లో రికార్డింగ్‌కి ఏం కొనాలి?

నమస్కారం అండీ. ఈ ఛానెల్‌లో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నేను గిటార్ వాయిస్తూ పాడతాను. ఇంట్లోనే రికార్డ్ చేద్దామనుకుంటున్నా. ఏ మైక్ కొనాలి?" మైక్ పేరు చెప్పేముందు మీరు నాకొకటి చెప్పాలి. పాట, గిటార్ రెండూ ఒకేసారి రికార్డ్ చేస్తారా, విడివిడిగానా? కొనాల్సిన సామానంతా దీన్ని బట్టే ఉంటుంది.

విడివిడిగా అంటే ముందు గిటార్ ఎక్కించి, తర్వాత అది హెడ్‌ఫోన్స్‌లో వింటూ పాడటం. దీనికి ఒక్క మైక్ చాలు. ఇంటర్‌ఫేస్, అంటే మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, కూడా ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటి చిన్నది సరిపోతుంది. హెడ్‌ఫోన్స్ మాత్రం చెవులు పూర్తిగా మూసేవి తీసుకోండి, లేదంటే అందులోంచి వచ్చే గిటార్ మళ్లీ మైక్‌లో పడుతుంది.

రెండూ ఒకేసారి, రెండు మైకులతో చేద్దామనుకునేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. సోలోకి రెండు ఇన్‌పుట్లు కనిపిస్తాయి, కానీ మైక్ పట్టేది ఒక్కటే. రెండోది గిటార్ కేబుల్‌కి. మీకు అదే కంపెనీ స్కార్లెట్ 2ఐ2 లాంటిది కావాలి, దాంట్లో రెండు మైకులు పడతాయి. "గిటార్‌లో పికప్ ఉంది కదా, కేబుల్ గుచ్చేస్తే పోలా?" అంటారు. బ్రిడ్జ్ కింద ఉండి తీగల అదురుని పట్టే పియెజో పికప్ స్టేజ్ మీద బాగా పనికొస్తుంది. రికార్డింగ్‌లో మాత్రం చెక్క గుండా వచ్చే నిండుదనం పోయి, తీగల గరగర మిగులుతుంది. నేనైతే వద్దంటాను.

నా మనసులో మాట చెప్పనా? పాటకి తగ్గట్టు మీ చెయ్యి కూడా నెమ్మదించడం, ఊపందుకోవడం జరుగుతుంటే, విడదీయకండి. ఒకేసారి, ఒక్క మైక్‌తోనే చెయ్యండి. ఛాతీ ఎత్తులో, రెండడుగుల దూరంలో పెట్టి ఒకసారి రికార్డ్ చేసి వినండి. గొంతు వెనకబడితే మైక్‌ని కాస్త పైకి, గిటార్ వెనకబడితే కిందికి జరపండి. తర్వాత మిక్సింగ్‌లో గొంతు, గిటార్ విడివిడిగా సరిచేయలేరు, అది నిజమే. కానీ పాటలో ప్రాణం ఉంటుంది.

ఇప్పుడు గది సంగతి. మన హైదరాబాద్ ఫ్లాట్లలో కింద టైల్స్, చుట్టూ కాంక్రీటు. చప్పట్లు కొట్టి చూడండి, టంగుమని మోగుతుంది. అదే మోత మీ పాటలోనూ ఉంటుంది. చాలామంది కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు, దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు. పల్చటి ఫోమ్ అయినా పై స్థాయి శబ్దాలనే పీలుస్తుంది. దానికన్నా మీ మంచం మీది పరుపు తీసి గోడకి నిలబెట్టండి. ఏ గోడకి? మైక్ వెనక గోడకి కాదు, మీ వీపు వెనక గోడకి. కార్డియాయిడ్ మైక్ ముందువైపే బాగా వింటుంది. దాని ముందు మీరున్నారు, మీ వెనక ఆ గోడ ఉంది. అక్కడ తగిలి వచ్చే మోతని ఆపాలి. పరుపు కుదరకపోతే రెండు మందపాటి రజాయిలు వేలాడదీయండి.

బయట చప్పుడు మరో గొడవ. పక్కింటి కుక్కర్ విజిల్, బోర్ మోటర్, వాటర్ ట్యాంకర్ హారన్. కండెన్సర్ అనే సున్నితమైన రకం మైక్ ఇవన్నీ శ్రద్ధగా పట్టేస్తుంది. రోడ్డు పక్క ఫ్లాట్ అయితే పాటకి షూర్ ఎస్ఎం58 లాంటి, అంత సున్నితం కాని డైనమిక్ మైక్ మేలు. పెదవులకి దగ్గరగా పెట్టి పాడతాం కాబట్టి బయటి చప్పుడు వెనకబడుతుంది. ఇది 1966 నుంచీ ఉన్న మైక్, ఇప్పటికీ స్టేజీల మీద అదే కనిపిస్తుంది. గది నిశ్శబ్దంగా ఉంటే మాత్రం ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్ తీసుకోండి, ఎకౌస్టిక్ గిటార్‌కి ఆ మెరుపు కావాలి. ఇంటర్‌ఫేస్‌లో కేబుల్ గుండా మైక్‌కి కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ నొక్కడం మర్చిపోకండి, అది లేకుండా కండెన్సర్ పలకదు.

గిటార్‌కి విడిగా మైక్ పెట్టేటప్పుడు సౌండ్ హోల్‌కి ఎదురుగా వద్దు, గాలి గుమ్ముమని కొట్టి బేస్ అంతా బురదైపోతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర, ఒక జానెడు దూరంలో పెట్టండి. అక్కడినుంచి రెండు వేళ్లు అటూ ఇటూ జరిపినా శబ్దం మారుతుంది, కాబట్టి ఓపిగ్గా జరుపుతూ వినండి. పాటకి పాప్ ఫిల్టర్, అంటే మైక్ ముందు పెట్టే జల్లెడ లాంటి తెర, తప్పనిసరి, మన ప, ఫ, భ లన్నీ మైక్ మీద గాలి ఊదేవే. గట్టిగా పాడినప్పుడు సాఫ్ట్‌వేర్ మీటర్ మీద లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు చూసుకోండి. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో 24 బిట్ పెట్టుకుని రికార్డ్ చేస్తే ఆ మాత్రం తక్కువైనా నష్టం లేదు. హమ్మింగ్ వినిపిస్తే ముందు లాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి మొదట్లోనే డబ్బు పెట్టక్కర్లేదు. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, విండోస్ వాళ్లకి రీపర్ 60 రోజులు ఉచితంగా వస్తుంది. మిగిలిన డబ్బుతో ముందు గిటార్‌కి కొత్త తీగలు వేయించండి, పాత తీగలకి ఏ మైకూ మెరుపు తేలేదు. తర్వాత కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి మైక్‌కి తగిలించే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, స్టాండ్ చూసుకోండి. స్టాండ్ కాస్త బరువున్నదే తీసుకోండి, బూమ్, అంటే దాని అడ్డ చెయ్యి, చాచినప్పుడు తేలిక స్టాండ్ ముందుకి ఒరిగిపోతుంది.