నాటడానికి పైసలున్నాయి, నీళ్లకే లేవు: హైదరాబాద్ మొక్కల గ్రాంటుపై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. ప్రజల సొమ్ముతో డివైడర్ల నిండా కోనోకార్పస్ అనే విదేశీ మొక్క నాటాం. తర్వాత పుప్పొడి పడటం లేదన్నారు, ఇక నాటొద్దని సర్కారే చెప్పింది. ఇప్పుడు పీకెయ్యాలంటున్నారు, అదీ ప్రజల సొమ్ముతోనే. అందుకే మొక్కల డబ్బు నేరుగా కాలనీ సంఘాలకు గ్రాంటుగా ఇవ్వాలన్న మాట వస్తోంది. స్టూడియోలో విశ్రాంత అటవీ అధికారి, కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, మొక్కల పనులు చేసే కాంట్రాక్టర్ ఉన్నారు. అందరికీ సమాన సమయం. నా మొదటి ప్రశ్న సూటిగా అడుగుతాను. ఇంటి ముందు మొక్కకు జనం ఒక బకెట్ నీళ్లు పోయలేరా?

కార్యదర్శి: పోస్తారు సార్. కానీ బకెట్ సంగతి తర్వాత. కొత్తగా డబ్బు అడగడం లేదు మేము. కార్పొరేషన్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని చట్టమే ఉంది. అందులో...

కాంట్రాక్టర్: ఆ చట్టం మున్సిపాలిటీలకు. 2019ది. జీహెచ్ఎంసీ దాని కిందికి రాదు.

అటవీ అధికారి: 2020లో జీహెచ్ఎంసీ చట్టాన్ని సవరించి ఇక్కడ కూడా పెట్టారు. పది శాతం హరిత బడ్జెట్, నాటినవాటిలో 85 శాతం బతకాలన్న నిబంధన, రెండూ ఉన్నాయి.

కాంట్రాక్టర్: సరే, ఉండనీ. 85 శాతం ఎట్ల బతుకుతయో చెప్పండి. నేను చెప్తా వినండి. వెయ్యి మొక్కలు పెట్టినవు. ఒక్కో మొక్కకు తడికి ఇరవై లీటర్లు. ఒక్కసారికి ఇరవై వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. నవంబర్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా వాన మీద భరోసా లేదు, ముప్పై వారాలు. మొదటి ఏడు వారానికి రెండు తడులు. అరవై తడులు, రెండు వందల నలభై ట్యాంకర్లు. గ్రాంటు కాయితంలో ఈ లైను ఎక్కడుంది? గుంత ఉంటది, మొక్క ఉంటది, ట్రీగార్డు ఉంటది, బోర్డు ఉంటది. నీళ్లు ఉండవు!

సమన్వయకర్త: అంటే మళ్లీ బకెట్ దగ్గరికే వచ్చాం. ఇరవై లీటర్లంటే ఒక బకెట్ కదా.

కాంట్రాక్టర్: డివైడర్ మీద మొక్కకు బకెట్ పట్టుకొని ఎవరు పోతరు సార్? లారీ కింద పడతరు.

అధ్యాపకురాలు: కోనోకార్పస్ ఎందుకొచ్చిందో ఇక్కడే తెలుస్తోంది. ఆ చెట్టుది సముద్రపు అంచు, ఉప్పునీటి మడ అడవుల పక్కన పెరిగే జాతి. నీళ్లు తక్కువైనా ఓర్చుకుంటుంది, కత్తిరించినకొద్దీ గుబురవుతుంది. నీళ్లకు డబ్బివ్వకుండా 85 శాతం బతకాలి అంటే ఎవరైనా చావని మొక్కనే వెతుక్కుంటారు. నిబంధనే ఆ జాతిని ఎంచింది. ఇప్పుడు తప్పంతా చెట్టు మీదికి...

కాంట్రాక్టర్: కరెక్ట్ మేడమ్, నేను గదే అంటున్న...

అధ్యాపకురాలు: మీరు అదే అనడం లేదు, నన్ను పూర్తి చేయనివ్వండి. రెండోది, ఆ 85ను లెక్కపెట్టే పద్ధతి. చచ్చిన మొక్క స్థానంలో ఏటా జూలైలో ఇంకోటి గుచ్చి, దాన్నీ బతికినదానిగా రాస్తారు. కాగితం మీద ఐదేళ్ల వరస, నేల మీద అన్నీ ఏడాది మొక్కలే. మొక్కల సంఖ్య కాదు, కాండం చుట్టుకొలత రాయించండి. మూడో ఏట రొమ్ము ఎత్తులో టేపు చుడితే నిజం బయటపడుతుంది.

సమన్వయకర్త: ఆసక్తికరంగా ఉంది. కానీ టేపు చుట్టేది ఎవరు? జనమే కదా? జనం బాధ్యత...

అటవీ అధికారి: అసలు ఏ డబ్బు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. కంపా నిధి ఉంది, 2016 చట్టం. అడవి భూమిని వేరే పనికి మళ్లించినందుకు కట్టే సొమ్ము అది. అందులోంచే కేంద్రం 2020లో నగర వన యోజన తెచ్చింది. హెక్టారుకు నాలుగు లక్షలు. నగర వనానికి పది నుంచి యాభై హెక్టార్లు ఉండాలి, నగర వాటికకు ఒకటి నుంచి పది. కాలనీ పార్కు వెయ్యి గజాలు కూడా ఉండదు. ఆ తలుపు కాలనీలకు మూసే ఉంది.

కార్యదర్శి: అందుకే కంపెనీల సీఎస్ఆర్ సొమ్ము, అంటే సామాజిక బాధ్యత కింద అవి పెట్టే డబ్బు...

కాంట్రాక్టర్: సీఎస్ఆర్ మీకెట్ల వస్తది? మీ సంఘానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ ఉందా? దాతలకు పన్ను రాయితీ వచ్చే 80జీ ఉందా? సీఎస్ఆర్ పనులు చేసే సంస్థలు నమోదుకు వేసే సీఎస్ఆర్-1 ఫారం వేసిన్రా?

కార్యదర్శి: సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది.

కాంట్రాక్టర్: అది సరిపోదు. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 నంబర్ లేకుంటే కంపెనీ మీకు పని అప్పజెప్పదు. మూడేండ్ల పని చరిత్ర కూడా అడుగుతరు. పైగా ఆఫీసు ఖర్చులకు ఐదు శాతం కంటే ఎక్కువ రాయొద్దని కంపెనీకే రూల్. మీరు వాచ్‌మన్ జీతం ఎందులో రాస్తరు?

కార్యదర్శి: వాచ్‌మన్ జీతం ఆఫీసు ఖర్చు కాదండీ. నీళ్లు పట్టే మనిషి కూలి అది, ప్రాజెక్టు ఖర్చే. కంపెనీ తన ఆఫీసు నడపడానికి పెట్టుకునేదే ఆ ఐదు శాతం. మీరు రెండూ కలిపేస్తున్నారు.

అటవీ అధికారి: కార్యదర్శి చెప్పింది నిజమే. పాత సంఘం నంబర్ తెచ్చుకోలేకపోతే, ఆ నంబర్ ఉన్న సంస్థతో కలిసి పని చేయొచ్చు. దానికి ముగ్గురి ఒప్పందం కావాలి. కంపెనీ, సంస్థ, స్థలం యజమాని. పార్కు కార్పొరేషన్‌ది అయితే దాని అనుమతి కాగితం లేకుండా గుంత తవ్వకూడదు.

కాంట్రాక్టర్: గుంత అంటే గుర్తొచ్చింది. (నవ్వు) మన హైదరాబాద్ నేల ఏంది? అడుగు మొరం, దాని కింద షీట్ రాక్. అంచనాలో రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు రాస్తరు. ఎనిమిది ఘనపుటడుగులు, అంటే దాదాపు రెండు వందల ఇరవై ఆరు లీటర్ల మట్టి. అడుగు తవ్వంగనే రాయి తగుల్తది. బ్రేకర్‌కు రేటు లేదు. ఏం చేస్తడు? అడుగు గుంతల మొక్క పెట్టి ఎంబీల, అంటే పని కొలతల పుస్తకంల, రెండడుగులు రాస్తడు.

అధ్యాపకురాలు: ఎవరు రాస్తారు?

కాంట్రాక్టర్: నేను కాదు. (అందరూ ఒకేసారి మాట్లాడారు)

సమన్వయకర్త: ఒక్కొక్కరుగా, ఒక్కొక్కరుగా... పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా?

అటవీ అధికారి: ఉంది. మొక్క పెట్టకముందు ఖాళీ గుంతలకు కొలకర్రతో ఫొటో తీయాలి, అదీ తనిఖీ అధికారి ఎంచిన పదింట ఒక గుంతకు. మొక్క పెట్టాక ఇనుప చువ్వ దింపి చూస్తే మెత్తటి మట్టి ఎంతవరకు ఉందో చేతికే తెలుస్తుంది. ఇంకొకటి, నల్ల ప్లాస్టిక్ సంచి. దాన్ని కోయకుండా పాతితే వేరు లోపలే సుడులు తిరుగుతుంది. రెండేళ్లు బాగానే కనిపిస్తుంది, మూడో ఏట గాలివానకు బయటికి వస్తుంది.

అధ్యాపకురాలు: నర్సరీలో సంచి మార్చకుండా ఏళ్ల తరబడి ఉంచినా అంతే. కొనేటప్పుడు పది మొక్కల్లో ఒకదాన్ని సంచి చింపి చూడాలి. వేరు గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ లోడు తిప్పి పంపాలి. గ్రాంటు కాగితంలో జాతి పేరు, మొక్క ఎత్తు, సంచి కొలత, మూడూ రాయాలి. కరెంటు తీగ కింద తురాయి, రావి పెట్టి, తర్వాత కరెంటువాళ్లు నెత్తి కొట్టేశారని ఏడవొద్దు. తీగ కింద రేల లాంటి చిన్న చెట్టు, ఖాళీ స్థలం ఉన్నచోట నేరేడు, చింత, కానుగ.

సమన్వయకర్త: ఇవన్నీ ప్రజలకు తెలియాలి. జనం ఒక బకెట్...

అధ్యాపకురాలు: బకెట్ పోసినా నీళ్లు దిగాలి కదండీ! మొదలు చుట్టూ సిమెంటు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు వరకు కాంక్రీటు తీసేయమంది. ఇక్కడ ఫుట్‌పాత్ టెండర్ వేరు, మొక్కల టెండర్ వేరు. మొక్కలవాళ్లు పాదు చేసి పోతారు, ఫుట్‌పాత్‌వాళ్లు వచ్చి పేవర్లు బిగిస్తారు. అసలు కొత్తగా నాటడం కంటే ఉన్నది కాపాడటం చవక. కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాలు చూడండి, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపితేగాని... రోడ్డు వెడల్పు పనుల్లో చిక్కిన చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు చూడండి...

కాంట్రాక్టర్: మేడమ్, గచ్చిబౌలికి గ్రాంటుకు ఏం సంబంధం?

అధ్యాపకురాలు: నలభై ఏళ్ల మర్రి ఇచ్చే నీడ ఎన్ని వేల సంచి మొక్కలకు సమానం? అదే సంబంధం.

సమన్వయకర్త: దాని మీద మరో రోజు. ఇప్పుడు నిర్ణయానికి వద్దాం. డబ్బు కాలనీకా, కాంట్రాక్టుకా?

కార్యదర్శి: కాలనీకే. కానీ విడతలుగా. నాటినప్పుడు నలభై శాతం, మొదటి ఎండాకాలం దాటాక ముప్పై, రెండో ఎండాకాలం తర్వాత పదిహేను, మూడో దాని తర్వాత పదిహేను. మా డబ్బు జూన్ మొదటి వారానికి చేతిలో ఉండాలి. ఇప్పుడు ఫిబ్రవరిలో మంజూరు చేసి మార్చి 31కి యూసీ, అంటే డబ్బు ఖర్చు చేశామన్న ధ్రువపత్రం, అడుగుతున్నారు. ఎండలు మొదలయ్యే నెలలో ఎవరు నాటుతారు? అందుకే ఫొటో కోసం నాటి...

కాంట్రాక్టర్: విడతలు మంచివే. అయితే మూడో ఎండాకాలానికి మీ కార్యదర్శి మారిపోతడు. కొత్త కమిటీ పాత కమిటీ మొక్కలకు నీళ్లు పోస్తదా? నా దగ్గర ధరావతు ఉంటది, చచ్చిన మొక్కకు కట్ చేస్తరు. మీ దగ్గర ఏం కట్ చేస్తరు? చెప్పండి. ఏం కట్ చేస్తరు?

కార్యదర్శి: చివరి విడత ఆపుతారు. దానితో పాటు...

కాంట్రాక్టర్: పదిహేను శాతం! ట్యాంకర్ ఖర్చు కూడా రాదు. మూడేండ్ల కాంట్రాక్టు ఇయ్యండి, ట్యాంకర్‌కు జీపీఎస్ పెట్టండి, తడికి బిల్లు పెట్టుకుంట. మొక్కకు కాదు, తడికి. ఇది సాఫ్ మాట.

అటవీ అధికారి: తడికి బిల్లంటే, వాన పడిన రోజు కూడా ట్యాంకర్ తిరుగుతుంది.

కాంట్రాక్టర్: వాన లెక్క వాతావరణ శాఖ దగ్గర ఉంటది, తీసేయండి.

అటవీ అధికారి: నగరంలో ఒకచోట కుండపోత, రెండు కిలోమీటర్ల అవతల చినుకుండదు. ఏ లెక్క తీస్తారు?

కాంట్రాక్టర్: గదే చెప్తున్న, అన్నీ మీరే అడ్డం పెట్టుకుంటే ఇంక చెట్టు పెరిగేదెప్పుడు? తడికి బిల్లు. నేను మూడోసారి చెప్తున్న. తడికి బిల్లు.

సమన్వయకర్త: తడికి బిల్లు, స్పష్టంగా ఉంది. కాలనీవాళ్లు కూడా ఆలోచించాల్సిన మాటే.

కార్యదర్శి: సార్, నాకు ఒక్క నిమిషం. ఆయన లెక్కలోనే రెండు వందల నలభై ట్యాంకర్లు ఉన్నాయి. మా పార్కులో బోరు ఉంది, వంద మొక్కలకు డ్రిప్ పైపు వేస్తే...

కాంట్రాక్టర్: ఏప్రిల్‌లో మీ బోరు ఎండిపోతది.

కార్యదర్శి: ఎండితే అప్పుడు ట్యాంకర్ తెప్పిస్తాం, మొదటి నుంచీ ఎందుకు? పైగా ఇంకుడు గుంత పక్కనే...

సమన్వయకర్త: సమయం లేదు, క్షమించాలి. కాంట్రాక్టర్ గారూ, చివరి మాట మీదే, పది సెకన్లు. ఇంతకీ జనం ఆ బకెట్ పోస్తారంటారా?

కాంట్రాక్టర్: మొదటి వారం పోస్తరు సార్.