ఒక్క మైన్ చాలు, కృష్ణపట్నం రేవు మూతపడుతుంది!

నెల్లూరు మిత్రులారా, కృష్ణపట్నం రేవును మూయించడానికి శత్రువుకు యుద్ధనౌక అక్కర్లేదు. నీటి అడుగున ఒక్క మైన్, అంటే ఓడ దగ్గరకు రాగానే పేలే మందుపాతర, చాలు. అసలు ఉందన్న అనుమానమే చాలు! అప్పుడు ఏ యజమాని తన ఓడను పంపుతాడు? నేలటూరు థర్మల్ కేంద్రానికి బొగ్గు ఎక్కడిది? రేవు పక్కనున్న నూనె శుద్ధి కర్మాగారాలకు పామాయిల్ ఎక్కడిది?

ఆ మైన్‌ను ఏరేది ఎవరు? మన నౌకాదళంలో కాకినాడ పేరు పెట్టుకున్న మైన్‌స్వీపర్ (మైన్లు ఏరే ఓడ) 2017లోనే విధుల నుంచి తప్పుకుంది. ఆఖరిదైన ఐఎన్ఎస్ కోళికోడ్ 2019లో వెళ్లిపోయింది. కొత్త ఓడలకు 2025 జులైలో ఆమోదం వచ్చింది. కాగితం మీది ఓడ మైన్లు ఏరుతుందా?

"24 ఎంహెచ్-60ఆర్ హెలికాప్టర్లు కొన్నాం కదా, ఇంకేం భయం?" అని కొందరు వాదిస్తున్నారు. అయ్యా, అవి జలాంతర్గాములను వేటాడటానికి కొన్నవి! మైన్ల పనికి అమెరికా ఎంహెచ్-60ఎస్ అనే మరో రకం హెలికాప్టర్‌కు లేజర్ అమర్చింది; నీటి పైపొరల్లో దాగిన మైన్ దానికి దొరికిపోతుంది. అమెరికాదే సీ డ్రాగన్ హెలికాప్టర్ అయితే నీటి మీద ఒక పరికరాన్ని లాగుతూ, ఓడ వస్తోందన్నట్టు అయస్కాంత క్షేత్రం పుట్టించి మైన్‌ను పేల్చేస్తుంది. తాను గాల్లోనే ఉంటుంది! ఓడకు ఆ అదృష్టం లేదు. 1991 ఫిబ్రవరి 18న గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ మైన్ తగిలింది ఎవరికో తెలుసా? మైన్లు ఏరే హెలికాప్టర్లను మోసుకెళ్లిన అమెరికా నౌక ట్రిపోలీకే. కొన్ని గంటలకే మరో అమెరికా యుద్ధనౌక ప్రిన్స్‌టన్ కూడా మైన్ తగిలి దెబ్బతింది.

అందుకే నా వాదన: ముందు హెలికాప్టర్లు, తర్వాతే ఓడలు. అయితే పరికరాన్ని లాగే హెలికాప్టర్ కిందుగా, నిదానంగా, తిన్నగా పోవాలి. భుజం మీద నుంచి వదిలే క్షిపణికి అంతకన్నా సులువైన గురి ఉంటుందా? క్షిపణిని పసిగట్టే సెన్సార్లు, దాన్ని దారి మళ్లించే ఫ్లేర్లు (వేడి మంటలు), దాని చూపును చెదరగొట్టే లేజర్ లేకుండా మన పైలట్లను పంపితే నేను ఒప్పుకోను. 2019 ఫిబ్రవరి 27న బడ్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వాయుసేన సిబ్బందినీ, ఒక పౌరుణ్నీ పోగొట్టుకున్నాం. స్వపక్షాన్ని గుర్తించే ఏర్పాటు కూడా పక్కాగా ఉండాల్సిందే!

రామాయపట్నంలో కొత్త రేవు కడుతున్నారు. ఈ హెలికాప్టర్ల స్థావరానికి అక్కడే చోటు కేటాయించమని మీ ఎంపీకి ఈ రోజే లేఖ రాయండి.