బాతు పిల్లలకి ఆకుకూరలు (అనే అనుకున్నాం)

అక్క: నమస్తే. ఈవారం బాతు పిల్లలకి ఆకుకూరలు. నీళ్ళ మీద తేలే నీ అజొల్లా మొక్క ఊసెత్తితే రికార్డింగ్ ఆపేస్తా.

తమ్ముడు: నేనేమన్నాను! అజొల్లా గురించి రెండు ముక్కలు...

అక్క: అప్పుడేనా! మొదటి వారాల్లో దాణాయే అసలు తిండి, ఆకు కాస్తంతే. సన్నగా తరిగి నీళ్ళ పళ్ళెంలో వేస్తే ఆడుకుంటూ తింటాయి. పక్కన ఇసుక పెట్టాలి, లేకపోతే ఆకు అరగదు. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

తమ్ముడు: కాళ్ళు వంకరపోయేది అందుకేనా?

అక్క: చాలాసార్లు నయాసిన్ అనే బి విటమిన్ తక్కువై. కోడిపిల్లల దాణాలో ఉండేది వీటికి చాలదు. ఆకుతో ఆ లోటు తీరదు, దాణాలో బ్రూవర్స్ ఈస్ట్, అంటే బీరు తయారీలో వాడే ఈస్ట్ పొడి, కలపాలి.

తమ్ముడు: మన నల్ల కోడిపెట్ట పొదిగినవాటికి కాళ్ళు బాగానే ఉన్నాయిగా.

అక్క: దాని సంగతి ఎత్తకు, నాకు మండుతుంది. కోడిగుడ్డుకి 21 రోజులు, బాతు గుడ్డుకి 28. వారం ఎక్కువ కూర్చోబెట్టారు పాపం!

తమ్ముడు: పెట్టకి క్యాలెండర్ తెలుసా ఏంటి? ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతైతే గుడ్లు పెడుతుందే గానీ పొదగమంటే అటు చూడదు. ఇంకెవరు పొదగాలి?

అక్క: ఇంక్యుబేటర్.

తమ్ముడు: కరెంటు పోతే నువ్వు కూర్చుంటావా?

అక్క: పొదుగు మీదున్న పెట్ట సరిగ్గా తినదు, చిక్కిపోతుంది. రోజూ లేపి నూకలూ నీళ్ళూ పెట్టిందెవరు?

తమ్ముడు: అమ్మ.

అక్క: గుడ్ల మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరించింది?

తమ్ముడు: అమ్మే. అదెందుకో నాకిప్పటికీ తెలీదు.

అక్క: తల్లి బాతైతే తడి ఒంటితో వచ్చి కూర్చుంటుంది. కోడికి ఆ తడెక్కడిది?

తమ్ముడు: సరే, ఒప్పుకున్నా. కానీ పిల్లలు చెరువులో దిగితే గట్టు మీద అది చేసే గోల...

అక్క: నవ్వకు. నేను చూడలేక లోపలికెళ్ళిపోయాను.

తమ్ముడు: ...నవ్వడం లేదులే.

అక్క: ఎండ లేనప్పుడు అంత చిన్నవాటిని దింపకూడదు కూడా. తడిసి వణుకుతాయి.

తమ్ముడు: అందుకే అంటున్నా, ప్రొటీన్ బాగా ఉండే అజొల్లా ఇంట్లోనే పెంచి...

అక్క: పచ్చి అజొల్లాలో నూటికి తొంభై పాళ్ళు నీళ్ళేరా! నువ్వు చెప్పే ప్రొటీన్ అంతా ఎండబెట్టాక లెక్క.

తమ్ముడు: అయినా మంచిదేగా.

అక్క: మంచిదే, దాణాకి బదులు కాదు. ఇక తోటకూర కూడా అప్పుడప్పుడే. మునగాకు పెట్టొచ్చు. మందు కొట్టిన ఆకైతే... ఉండు, గేటు వేశావా?

తమ్ముడు: నేనా? చివర వచ్చింది నువ్వు కదా!