సింహం ఎటు చూస్తోంది? శ్రీలంక జెండాపై చర్చ

వ్యాఖ్యాత: విరామం తర్వాత మళ్లీ స్వాగతం. మేడమ్, తెరమీద ఉన్న ఈ కత్తి పట్టిన సింహం అసలు ఎవరిదండీ?

చరిత్ర అధ్యాపకురాలు: శ్రీలంక నడుమ ఉండిన కాండీ రాజ్యానిది. ఆ జెండా కింద ఏలిన చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహ. అసలు పేరు కన్నసామి. మధురై నాయక రాజులతో చుట్టరికం ఉన్న కుటుంబం, తెలుగు మూలాలవాళ్లు.

వ్యాఖ్యాత: అయితే సింహళ సింహం మనవాళ్లదన్నమాట!

అధ్యాపకురాలు: (నవ్వుతూ) అంత తొందరపడి లాక్కోకండి. 1739లో కాండీ రాజు వారసుడు లేకుండా చనిపోతే రాణి సోదరుడికి పట్టం కట్టారు. అలా వచ్చినవాళ్లు నలుగురు ఏలారు. వాళ్లలో కీర్తిశ్రీ రాజసింహ సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ నుంచి భిక్షువుల్ని రప్పించి, ఆగిపోయిన ఉపసంపదను, అంటే పూర్తిస్థాయి భిక్షు దీక్షను, 1753లో మళ్లీ మొదలుపెట్టించాడు. బయటినుంచి వచ్చి బౌద్ధాన్ని నిలబెట్టిన వంశం అది. 1815లో ఇంగ్లిషువాళ్లు రాజ్యం లాక్కుని కన్నసామిని వేలూరుకు పంపేశారు. 1832లో అక్కడే పోయాడు. జెండా లండన్ చేరింది. సింహళ నాయకుడు ఇ.డబ్ల్యు.పెరేరా దాన్ని లండన్‌లోని చెల్సీలో గుర్తుపట్టాక, 1915లో 'దినమిన' అనే సింహళ పత్రిక దాని బొమ్మ వేసింది.

పాత్రికేయుడు: 1948లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దాన్నే ఎగరేశారు. మరి మా సంగతేంటని తమిళులు, ముస్లింలు అడిగారు. సింహళ నేత బండారనాయకే అధ్యక్షతన జెండా కమిటీ వేశారు. 1951లో ముస్లింల పేరున ఆకుపచ్చ, తమిళుల పేరున నారింజ పట్టీలు చేర్చారు. కెమెరా కాస్త దగ్గరకు తీసుకెళ్లండి... అదిగో, సింహం చుట్టూ పసుపు అంచు. పట్టీలు దానికి బయట, కర్ర పక్కన ఉన్నాయి. ఇల్లు సింహళులది, వసారా మిగతావాళ్లది! కమిటీలోనే ఉన్న తమిళ సెనేటర్ నడేశన్ దీనికి ఒప్పుకోలేదు. అదే బండారనాయకే ప్రధాని అయ్యాక 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం తెచ్చారు. అందుకే ఆ పట్టీలను నేనంత తేలిగ్గా నమ్మను.

వ్యాఖ్యాత: మూలల్లో ఆకులు?

అధ్యాపకురాలు: రావి ఆకులు. బౌద్ధంలోని నాలుగు గుణాలకు గుర్తు: మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల సంతోషానికి సంతోషించడం), ఉపేక్ష (సమభావం). 1972లో ఆ మూలలకు ఈ ఆకుల రూపం ఇచ్చారు.

పాత్రికేయుడు: సింహం కత్తి పట్టుకుని చూసేది కూడా ఆ పట్టీల వైపే. తమిళులు చాలామంది అనే మాటే ఇది.

అధ్యాపకురాలు: సార్, ఆ కత్తి పట్టీలకంటే ముందునుంచీ ఉంది. జెండామీది జంతువు కర్ర వైపు చూడటం చాలా దేశాల్లో వాడుకే. పట్టీలు రెండో చివర పెడితే వెన్ను చూపించిందని అనేవారు.

పాత్రికేయుడు: అంచు లోపల పెట్టి చూడాల్సింది మేడమ్, అప్పుడేమనేవారో తెలిసేది.

అధ్యాపకురాలు: ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను. కత్తిమీద ఇంత మాట్లాడుతున్నాం గానీ, నా అభ్యంతరమూ ఆ అంచుమీదే.