లిఫ్టు సీను దగ్గర లేచి వెళ్ళినవాళ్ళతో రెండు మాటలు

అందరికీ నమస్కారమండీ. వేదిక మీదున్న పెద్దలకి, ముందు వరసలో ఉన్న నాటక పరిషత్తు కమిటీ వారికి, వెనకాల మోటార్‌సైకిళ్ళ మీద కూర్చుని వింటున్నవాళ్ళకి కూడా. ముఖ్య అతిథి గారు రావులపాలెం దాటారని గంట నుంచీ చెప్తున్నారు, ఎటువైపు దాటారో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. ఈలోగా నన్ను మాట్లాడమన్నారు. నేను వక్తని కాదు, మన నాటకాలకి లైట్లు వేసేవాణ్ణి. మైకు చేతికిచ్చారు కాబట్టి ఇక మీకు తప్పదు.

ఇవాళ ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం పంతులు గారి పుట్టినరోజు. తెలుగు నాటకరంగ దినోత్సవం ఈ రోజున చేసుకునేది అందుకే. ఆయన గురించి ఓ పది నిమిషాలు చెప్పమన్నారు. ఒక్క సంగతి చెప్తాను. 1880లో రాజమండ్రిలో ఆయన ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు, ప్లీడర్ల మోసాల మీద. కోర్టున్న ఊళ్ళో, ప్లీడర్లు తిరిగే వీధుల్లో, ప్లీడర్ల మీద నాటకం! చూసినవాళ్ళంతా ఒక్కలాగే చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళి పడుకున్నారంటే నేను నమ్మను, ఎవడికో మండే ఉంటుంది. పంతులు గారి సంగతి ఇక్కడికి ఆపుతాను, ఎందుకంటే మొన్న సంక్రాంతికి ఇదే గ్రౌండ్‌లో జరిగింది నా కడుపులో అలాగే ఉండిపోయింది, అది చెప్పాలి.

అదేనండీ, అపార్ట్‌మెంటు నాటిక. మీలో సగం మంది చూశారు, సగం మంది సగం చూశారు.

చూడనివాళ్ళ కోసం చెప్తాను. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు. స్టేజీని ఐదు ముక్కలు చేసి ముక్కకో మనిషిని పెట్టారు. రాత్రంతా డ్యూటీ చేసి పగలు కర్టెన్లు మూసుకుని పడుకునే సాఫ్ట్‌వేర్ అమ్మాయి, భార్య వెళ్ళిపోయాక టీవీ ఆపకుండా బతుకుతున్న బ్యాంకు ఉద్యోగి, మన వైపు నుంచి కొడుకు తీసుకెళ్ళిన తాతగారు, వాచ్‌మన్ భార్య, పార్సిళ్ళు తెచ్చే కుర్రాడు. హీరో లేడు, విలన్ లేడు, ఒకరి కథ ఇంకొకరికి తెలీదు. చివర్లో ఐదుగురూ ఒకే లిఫ్టు ఎక్కుతారు, కరెంటు పోతుంది. అక్కడ నేను పైనుంచి ఒక్క స్పాట్ వేశాను, మిగతా స్టేజీ అంతా చీకటి. భుజానికి భుజం తగులుతూ నిలబడ్డారు, ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. కుర్రాడి ఫోన్ మోగింది, కట్ చేశాడు. తాతగారు ఒకసారి గొంతు సవరించుకున్నారు. నలుగురూ తలలు తిప్పి చూశారు. ఆయన ఏమీ అనలేదు. కరెంటు వచ్చింది, తలుపు తెరుచుకుంది, ఎవరి ఫ్లోరుకి వాళ్ళు పోయారు. తెర పడింది.

ఆ చీకట్లో వెనకనుంచి ఎవరో “ఒరేయ్, సబ్‌స్టేషన్‌కి ఫోన్ కొట్టండ్రా” అన్నారు. గ్రౌండంతా నవ్వు. గోదావరి వాళ్ళం, వెటకారం ఆపుకోమంటే ఎక్కడ ఆపుకుంటాం, నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వుతో పాటే ప్లాస్టిక్ కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు కూడా వినిపించింది. తెర పడేసరికి కుడివైపు దాదాపు ఖాళీ. చప్పట్లు కూడా అటూ ఇటూ కాకుండా పడ్డాయి, కొట్టాలో వద్దో తెలీనట్టు.

లైట్ల దగ్గర కూర్చునేవాడికి ఒక సుఖం ఉందండీ. జనం స్టేజీని చూస్తారు, వాడు జనాన్ని చూస్తాడు. ఎవరు లేచారో నేను చూశాను. పల్లెటూరివాళ్ళకి అర్థంకాక లేచిపోయారని కమిటీ అనుకుంటోంది కదా, లేచింది వాళ్ళు కాదండీ! గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో లింగంపల్లి నుంచి పండక్కి వచ్చిన మన పిల్లలు. అందులో ఒకడు బజ్జీల బండి దగ్గర నాతో అన్నాడు: “బాబాయ్, నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తే ఇక్కడ కూడా అదే లిఫ్టు చూపిస్తారేంటి, సోమవారం నుంచి నేను నిలబడేది దాన్లోనేగా.” వాడికి అర్థంకాలేదంటారా? ఆ రోజు గ్రౌండ్‌లో అందరికంటే బాగా అర్థమైంది వాడికే. అర్థమయ్యే లేచాడు.

లేవనిది ఎవరో తెలుసా. ఎడమవైపు టార్పాలిన్ మీద కూర్చున్న ఆడవాళ్ళు. వాళ్ళలో కొందరు జన్మలో లిఫ్టు ఎక్కి ఉండరు. పిల్లలు కొంగు పట్టుకు లాగుతుంటే ఒక్కటిచ్చుకుని మళ్ళీ స్టేజీ వైపు తిరిగారు. మర్నాడు పొద్దున్న సెట్టు విప్పుతుంటే వాళ్ళలో ఒక పెద్దావిడ వచ్చి అడిగింది, “బాబూ, ఆ ముసలాయన గొంతు సవరించుకున్నాడే, ఏమందామనుకున్నాడు?” నేను వెళ్ళి ఆ వేషం వేసినాయన్నే అడిగాను. “స్క్రిప్టులో ఏం లేదండీ, గొంతు సవరించుకుంటాడు అని మాత్రమే రాశారు” అన్నాడు. అదే ఆవిడకి చెప్పాను. “రాయకపోతే ఏమైంది, మీదే ఊరమ్మా అని ఆ పిల్లని అడుగుదామనుకుని ఉంటాడు, అడిగితే ఏమనుకుంటుందోనని ఊరుకున్నాడు” అంది. ఆయ్! రచయిత రాయని డైలాగు ఆవిడ రాసింది.

పద్యనాటకం వైపు వాళ్ళ బాధ కూడా నాకు తెలుసు, దాన్ని నేను తీసిపారెయ్యను. నేను పెరిగింది హార్మోనియం పక్కన. రాయబారం సీనులో పద్యం పండితే వన్స్ మోర్ అని అరిచేవాళ్ళం, నటుడు మళ్ళీ ఎత్తుకునేవాడు, చచ్చి పడిపోయిన పాత్ర కూడా వన్స్ మోర్ అంటే లేచి పాడి మళ్ళీ చచ్చేవాడు. నోట్లు పిన్నుతో చొక్కాకి గుచ్చేవాళ్ళం. అక్కడ ప్రేక్షకుడికీ ఒక వేషం ఉండేది. మన ప్రాంతంలో నాటకం అంటే అలాంటి పిచ్చి. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ స్టేజీ మీద ఎస్వీ రంగారావు గారు, అంజలీదేవి గారు ఆడారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారంతటి ఆయన కుర్రతనంలో చిలకమర్తి వారి నాటకాల్లో వేషం కట్టారు, అదీ మొహానికి రంగు పూసుకుని, ముఖ్యమంత్రి కాకముందు ఎప్పుడో, దాని గురించి ఇంకోసారి చెప్తాను, చాలా ఉంది. ఏం చెప్తున్నాను? ఆ. అలాంటి జనానికి వన్స్ మోర్ అనే చోటే లేని నాటిక చూపిస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. కోపం వస్తుంది. రావాలి కూడా.

సినిమాలోనూ అంతేనండీ. 2010లో ‘వేదం’లో ఐదు కథలు, మన అమలాపురం సరోజతో సహా, చివరికి అందరూ ఒకే ఆస్పత్రికి చేరతారు. చేరేసరికి చూసేవాడి మనసు కుదుటపడుతుంది, ఇందుకా ఇంతసేపు తిప్పారు అని. తర్వాత 2014లో ‘చందమామ కథలు’ వచ్చింది, హైదరాబాద్‌లో ఎనిమిది కథలు, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. నేను చూసిన రోజున నా ముందు వరసలో ఒక్కరు లేరు. మన నాటిక అయితే అంతకంటే మొండిది. అందర్నీ ఒక చోటికి చేర్చింది, చేర్చి మాట్లాడుకోనివ్వలేదు. మాట్లాడుకుని, తాతగారు ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి దీవించి ఉంటే మీరంతా ఈలలు వేసేవాళ్ళు, బజ్జీలు తిని మర్చిపోయేవాళ్ళు. ఇప్పుడు ఏప్రిల్ వచ్చినా టీకొట్టు దగ్గర అదే గొడవ. మొన్న ఇద్దరు బావమరుదులు ఆ ముసలాయనది తప్పా కొడుకుది తప్పా అని తిట్టుకున్నారు. నాటికలో అసలు కొడుకు కనపడనే కనపడడు!

ఒక్కసారి చేతులెత్తండి, ఆ రాత్రి లేచి వెళ్ళినవాళ్ళు. భయపడకండి, చందా అడగను. చూశారా, మోటార్‌సైకిళ్ళ వైపే ఎక్కువ. ఇప్పుడు ఉన్నవాళ్ళు ఎత్తండి. కమిటీ వారూ, కొంచెం వెనక్కి తిరిగి చూడండి, ఇంచుమించు సమానంగా ఉన్నారు.

మరి ఫిబ్రవరి మీటింగ్‌లో వచ్చే ఏడాది నుంచి పద్యనాటకాలు, హాస్యనాటికలే పిలుద్దాం, జనానికి అర్థంకాని ప్రయోగాలు వద్దు అని ఎలా రాసుకున్నారండీ? దాతలు అడిగారట. దాతల్లో ఇద్దరు ఆ రాత్రి పందేల దగ్గర ఉన్నారు, నాటిక మొహం చూడలేదు. పద్యం ఉండాలి, నవ్వూ ఉండాలి, నేను కాదన్నానా? మూడు రాత్రుల్లో ఒక గంట అలాంటిదానికి వదలండి. ఇష్టంలేనివాడు లేచి బజ్జీలు తింటాడు, బండివాడికీ బేరం. లేచి వెళ్ళడం కూడా నాటకం చూడటమేనండీ, ఎందుకు లేచాడో వాడు పది మందికీ చెప్తాడు.

ఇంకొక్కటి, ఇది నాటకం గురించి కూడా కాదు. ఆ ట్రూపు సెట్టు తెచ్చిన వ్యాను కిరాయి సగమే ఇచ్చి, మిగతాది జనం లేచిపోయారు కదా అని ఆపేశారు. ఐదు గదుల సెట్టు, ఆ లిఫ్టు తలుపులు, వాళ్ళు చేతుల మీద దింపుకున్నారు, చేతుల మీద ఎక్కించుకున్నారు. జనం లేస్తే కిరాయి తగ్గుతుందని వ్యాను డ్రైవర్‌కి మనం ముందు చెప్పలేదు కదా. కోశాధికారి గారూ, మీరు ఎదురుగానే ఉన్నారు, వాళ్ళ ఫోన్‌పే నంబరు నా దగ్గరుంది. ఈ రాత్రికే వేస్తానని ఒక్క మాట అనండి, మైకు వదిలేస్తాను. తల ఊపితే కాదండీ, లేచి నోటితో చెప్పండి, అందరూ వినాలి.