సెప్టెంబరులో ఒక ఫోను

శ్రోతలకు నమస్కారం.

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు హైదరాబాదులో ఎంత హడావుడి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అదే పిల్లలు సెప్టెంబరులో ఎక్కడున్నారు? అది మాత్రం ఎవరూ అడగరు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని పూచీ 14 ఏళ్ల వరకే, ఎనిమిదో తరగతి వరకే. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, అయినా 14 నిండిన పిల్లల్ని ప్రమాదం లేని పనుల్లో పెట్టుకోవచ్చు. ఇంగ్లండులో 2015 నుంచి 18 ఏళ్లొచ్చేదాకా చదువో శిక్షణో తప్పనిసరి. 16, 17 ఏళ్లవాళ్లు ఏం చేస్తున్నారో ఆరా తీయడం అక్కడి స్థానిక సంస్థల పని. మన దగ్గర బడుల, విద్యార్థుల వివరాలుంచే ప్రభుత్వ లెక్కల వ్యవస్థ యూడైస్ ఉంది, ప్రతి విద్యార్థికీ ఒక శాశ్వత నంబరూ ఉంది. మంచిదే. కానీ పనికి పోయిన పిల్లవాడు ఎందుకు పోయాడో ఆ నంబరు చెప్పదు.

ముషీరాబాద్ వైపు నాకు తెలిసిన ఒక హెడ్మాస్టరమ్మ ఉన్నారు. ఆవిడ దగ్గర ఒక లాంగ్‌బుక్ ఉంది. స్కేలు పెట్టి గీసిన గడులు: ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ, పని, ఇంట్లో. చివరిది, 'తెలియదు'. సెప్టెంబరు రాగానే మధ్యాహ్న భోజనాలయ్యాక కూర్చుని, పది పాసైన వాళ్లకూ తప్పిన వాళ్లకూ వరసగా ఫోన్లు చేస్తారు. ఒకరోజు నేనూ పక్కన కూర్చున్నాను.

మొదటి నంబరు పనిచేయడం లేదు. రెండోదీ అంతే. మూడోది ఒక అబ్బాయి ఎత్తాడు. వెనకాల గ్రైండర్ మోత.

"కాలేజీకి పోతున్నవా బిడ్డా?"

"పోతలేను మేడమ్. మామ దగ్గర వెల్డింగ్ నేర్చుకుంటున్న."

ఆవిడ 'పని' గడిలో టిక్కు పెట్టి, పక్కనే చిన్నగా 'ఐటీఐ?' అని రాసుకున్నారు. తిట్టలేదు. నాకది నచ్చింది. తిడితే వచ్చే ఏడాది ఆ ఫోను ఎత్తడు.

తర్వాత ఒక అమ్మాయి. పేరు ఇంటర్ కాలేజీ రిజిస్టరులో ఉంది. మనిషి ఇంట్లో ఉంది. అమ్మ పనికి పోతుంది, తమ్ముడు చిన్నవాడు. "ఫీజు కట్టినం మేడమ్," అంది, అదేదో తన తప్పయినట్టు. లెక్క ప్రకారం ఆ అమ్మాయి చదువుకుంటోంది. లెక్క ప్రకారం!

నాకు ఇందులో ఒకటే మాట చెప్పాలనిపించింది. 'తెలియదు' గడి నిండేది ఎక్కువగా ఫోన్ నంబరు మారడం వల్లే. అద్దె ఇల్లు మారుతుంది, సిమ్ము మారుతుంది. అందుకని ఆవిడ ఇప్పుడు టీసీ ఇచ్చేటప్పుడే రెండో నంబరు రాయించుకుంటున్నారు. నాన్నది కాదు, అమ్మమ్మదో, మేనమామదో, కిరాణా కొట్టు వాళ్లదో. ఇల్లు మారినా వాళ్లకు జాడ తెలుస్తుంది. టీసీలు ఇచ్చే టీచర్లు వింటుంటే, ఆ రెండో నంబరు తీసుకోండి. ఫోను మాత్రం దసరా సెలవులకు ముందే చేయండి. తర్వాతైతే కాలేజీలో పాఠాలు చాలా ముందుకెళ్లిపోతాయి.

ఆ అమ్మాయి వరసలో ఆవిడ పెన్సిలుతో ఒక మాట రాశారు: 'ఓపెన్ ఇంటర్, వాళ్లమ్మతో మాట్లాడాలి, ఆదివారం.' ఆ పైన తర్వాతి నంబరు నొక్కారు.